మైకు టైమూ, ఊరేగింపు దారీ కూడా మాట్లాడుకోవాలి

పోయిన సంచికలో ఒక పాఠకుడు "పండగలొస్తున్నాయంటే మా వీధిలో టెన్షన్ మొదలవుతుంది, ఏం చేయాలి" అని అడిగితే నాకు తోచింది రాశాను. దాని మీద వచ్చిన ఉత్తరాలే ఈసారి ఎక్కువ. అన్నిటికీ చోటు లేదు కాబట్టి, చదివాక నన్ను వదలని కొన్నిటిని తీసుకున్నాను. పేరు వేయొద్దన్నవాళ్లే ఎక్కువమంది, అందుకని ఎవరి పేరూ వేయడం లేదు.

ప్రశ్న: మేడమ్, మా కాలనీ సంఘం తరఫున ఒక సర్వమత సమ్మేళనానికి వెళ్లాను. స్వామీజీ, పాస్టర్ గారు, మౌలానా గారు ముగ్గురూ బాగా మాట్లాడారు. అన్ని మతాలూ ప్రేమనే బోధిస్తాయన్నారు. శాలువాలు కప్పారు, ఫొటోలు దిగారు. రెండు వారాలు తిరక్కుండానే మా పక్క వీధిలో ఊరేగింపు దగ్గర గొడవైంది. ఇలాంటి సభల వల్ల నిజంగా ఏమైనా ఉపయోగం ఉందా? (గృహిణి, కర్నూలు)

జవాబు: ఉపయోగం లేదని నేననను. ముగ్గురు మతపెద్దలు పక్కపక్కన కూర్చుని నవ్వుతూ మాట్లాడుకోవడం పిల్లలు చూస్తారు, అది ఊరికే పోదు. ఒకరి ఫోన్ నంబరు ఒకరి దగ్గర ఉంటుంది, గొడవైన రాత్రి ఆ నంబరే అక్కరకొస్తుంది. కానీ మీరు చూసిన సభలో, గొడవ ఎక్కడ పుడుతుందో ఆ సంగతి ఎవరూ ఎత్తి ఉండరు. ప్రేమ గురించి మాట్లాడటం తేలిక. ఊరేగింపు ఏ సందులోంచి పోవాలి, ఎన్ని గంటలకు పోవాలి, డప్పులు ఎక్కడ ఆపాలి అన్నది మాట్లాడటం కష్టం, ఎందుకంటే అక్కడ ఎవరో ఒకరు ఏదో ఒకటి వదులుకోవాలి.

మా ఊళ్లో జరిగింది చెప్తాను. వినాయక చవితికి ముందు స్టేషన్‌లో పీస్ కమిటీ మీటింగ్ పెడతారు కదా, ఒక ఏడాది నన్నూ పిలిచారు, కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైనదాన్నని. పాతికమంది దాకా ఉన్నారు, అందులో ఆడమనిషిని నేనొక్కదాన్నే. సీఐ గారు మాట్లాడారు, టీ ఇచ్చారు, తర్వాత తలా ఒకరు లేచి "మన ఊళ్లో అందరం అన్నదమ్ముల్లా ఉన్నాం" అని చెప్పి కూర్చున్నారు. అంతకు ముందు ఏడాది నిమజ్జనం రోజు ఊరేగింపు సరిగ్గా మసీదు ముందుకొచ్చి ఆగిపోయింది. ముప్పావుగంట కదల్లేదు. లోపల నమాజు, బయట డప్పులు, మాటామాటా పెరిగి రాళ్లు పడ్డాయి, ఒక పిల్లాడికి నుదురు పగిలింది. ఆ మాట మాత్రం ఎవరూ ఎత్తలేదు. ఒక వైపు వాళ్ల మనసులో "మమ్మల్ని పోనివ్వలేదు" అని ఉంది, రెండో వైపు వాళ్ల మనసులో "కావాలనే ఆపారు" అని ఉంది, ఏడాది పొడుగునా రెండు వైపులా అదే నమ్మకం.

చివర్లో, తలుపు పక్కన స్టూలు మీద కూర్చున్న మైక్ సెట్ అబ్బాయి లేచాడు. అతన్ని ఎవరూ మాట్లాడమనలేదు, సౌండ్ బాక్సుల లెక్క చెప్పడానికి పిలిపించారంతే. "సార్, అక్కడ కరెంటు తీగ బాగా కిందికి ఉంటది. ట్రాక్టర్ మీద ఎక్కిస్తే విగ్రహం దానికి తగులుతది. పోయినేడు వెదురు కర్రతో తీగ ఎత్తిపట్టుకోవడానికే అంతసేపు ఆగాం. కరెంటాఫీసోళ్లకు ఫోన్ చేస్తే ఎవరూ రాలేదు" అన్నాడు. గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. మసీదు కమిటీ పెద్దాయన ఒకరు "ఈ సంగతి మాకు తెలీదు బాబూ" అన్నారు, అంతే. అప్పుడు మొదలైంది అసలు మాట. ఒక నోటుపుస్తకంలోంచి రూళ్ల కాగితం చింపి నాలుగు లైన్లు రాశారు. పండగ లోపల ఆ తీగ బిగించాలి, ఊరేగింపు రాత్రి నమాజుకు ముందే ఆ మలుపు దాటాలి, మసీదుకు అటో స్తంభం ఇటో స్తంభం, ఆ మధ్యలో డప్పు ఉండదు, మలుపు దగ్గర రెండు వైపుల నుంచీ నలుగురేసి పెద్దవాళ్లు నిలబడాలి. కింద సంతకాలు, ఒక వేలిముద్ర. టీ గ్లాసు మరక పడిన ఆ కాగితం నాకింకా కళ్లకు కట్టినట్టుంది. ఆ ఏడాది ఏ గొడవా జరగలేదు. తర్వాత ఒక ఏడాది "అంతా తెలిసిందేలే" అని కాగితం రాసుకోలేదు, మళ్లీ మాటామాటా వచ్చింది. అది కూడా చెప్పాలి మీకు.

ఇదేదో చిన్న ఊరి సంగతి అనుకోకండి. 1948 జనవరి 13న గాంధీ గారు ఢిల్లీలో మత కలహాలు ఆగాలని నిరాహార దీక్షకు కూర్చున్నారు. 18న విరమించారు. ఆ దీక్ష సంగతి అందరికీ తెలుసు, కానీ విరమించే ముందు హిందూ, ముస్లిం, సిక్కు సంస్థల నాయకులు సంతకాలు పెట్టిన కాగితంలో ఏముందో చాలామందికి తెలియదు. "ప్రేమగా ఉంటాం" అని రాసి సరిపెట్టలేదు అందులో. మెహ్రౌలీలోని ఖ్వాజా కుతుబుద్దీన్ దర్గా ఉర్సు ఆ ఏడాది కూడా ఎప్పటిలాగే జరగాలి, ముస్లింలు వదిలివెళ్లగా హిందువులు, సిక్కులు ఆక్రమించుకున్న మసీదులు తిరిగి ఇచ్చేయాలి, సబ్జీమండీ, కరోల్‌బాగ్, పహాడ్‌గంజ్ లాంటి చోట్ల ముస్లింలు మునుపటిలా భయం లేకుండా తిరగగలగాలి, ఇవన్నీ పోలీసుల బలంతో కాకుండా తామే స్వయంగా చేస్తామని ఒప్పుకున్నారు. పేటల పేర్లతో సహా రాశారు చూడండి. జనవరి 27న గాంధీ గారు ఆ ఉర్సుకు స్వయంగా వెళ్లారు. మూడు రోజుల తర్వాత ఆయన్ని చంపేశారు.

దగ్గర్లో జరిగింది చెప్పాలంటే హైదరాబాదే ఉంది. 2023 సెప్టెంబర్ 28న గణేశ్ నిమజ్జనం, మిలాద్-ఉన్-నబీ ఒకే రోజు పడ్డాయి. రెండు భారీ ఊరేగింపులు ఒకే నగరంలో, ఒకే రోజు. మిలాద్ ఊరేగింపు నిర్వాహకులు తమది అక్టోబర్ 1కి మార్చుకున్నారు. మాట్లాడుకుంటే అవుతుందని చెప్పడానికి నాకు ఇంతకంటే మంచి ఉదాహరణ కనపడదు. అయితే ఒక మాట, సర్దుకునేది ప్రతిసారీ ఒకే వైపు వాళ్లు కాకూడదు. ఒకళ్లు ఈసారి తేదీ మార్చుకుంటే, ఇంకోసారి ఇంకొకళ్లు దారి మార్చుకోవాలి. లేకపోతే దాన్ని సర్దుబాటు అనరు, లొంగడం అంటారు.

ఇంకా ఒకటి. ఇలాంటి మీటింగుల్లో ఎవరు లేరో చూడండి. ఆడవాళ్లు ఉండరు. కోస్తా ఊళ్లలో చర్చి తరచు దళితవాడలోనే ఉంటుంది, ఆ పాస్టర్‌కి కబురు వెళ్లదు. వెళ్లినా, ఆ వాడలో చాలామంది తాము క్రైస్తవులమని నలుగురిలో చెప్పలేరు, ఎందుకంటే 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా మొదట హిందువులకే ఉండేది, 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు కలిపారు, క్రైస్తవంలోకి వెళ్లిన దళితులకు మాత్రం లేదు. నోరు విప్పితే సర్టిఫికెట్ పోతుందేమోనన్న భయంతో ఉన్న మనిషిని పిలిచి "మీ మతం తరఫున మాట్లాడండి" అంటే ఏం మాట్లాడతాడు? మన దగ్గర మతం మాట తీస్తే వెనకాలే కులం ఉంటుంది. ఆ సంగతి తెలియనట్టు నటించే సమ్మేళనం నాకు నచ్చదు.

కాబట్టి ఈసారి పిలిస్తే వెళ్లండి, వెళ్లి "మా పక్క వీధి మలుపు దగ్గర ఏం చేద్దాం" అని అడగండి.

ప్రశ్న: నేను క్రిస్టియన్‌ని, బ్యాంకులో పనిచేస్తున్నాను. ఆఫీసులో ఎవరైనా తిరుపతి వెళ్లొస్తే లడ్డూ, వ్రతం చేసుకుంటే ప్రసాదం తెచ్చి పంచుతారు. నేను తీసుకోను. మొన్న ఒక సీనియర్ అక్క అందరి ముందూ "మీ క్రిస్మస్ కేకు మేము తినట్లేదా" అని అడిగింది. అప్పటినుంచీ ఆమెకీ నాకూ సరిగ్గా మాటల్లేవు. తప్పు నాదేనా? (బ్యాంకు ఉద్యోగిని, విశాఖపట్నం)

జవాబు: మీ తప్పు లేదమ్మా. ఆ అక్కదీ చెడ్డ మనసు కాదని నా నమ్మకం, అందుకే ఇద్దరి గురించీ చెప్తాను.

కేకు, ప్రసాదం ఒకటి కావు. కేకు పండగ పూట పంచుకునే మిఠాయి. ప్రసాదం ముందు దేవుడికి నైవేద్యం పెట్టి తర్వాత పంచేది. విగ్రహాలకు అర్పించినది తినొచ్చా కూడదా అన్న చర్చ బైబిల్‌లోనే, పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో ఉంది. ఈ రోజుకీ క్రైస్తవుల్లో తినేవాళ్లున్నారు, తిననివాళ్లున్నారు. మీరు తినకూడదని అనుకున్నారు, అది మీ మనస్సాక్షికి సంబంధించినది. దానికి ఆఫీసులో సంజాయిషీ ఇచ్చుకోవాల్సిన అవసరం లేదు.

ఇక అక్క వైపు. మన ఇళ్లలో "ప్రసాదం వద్దనకూడదు" అని పసితనం నుంచీ చెప్తారు. ఆకలి లేకపోయినా చిటికెడు తీసుకుని కళ్లకద్దుకుంటాం. క్యూలో గంటలు నిలబడి తెచ్చిన లడ్డూను ముక్కలు చేసి, పేపరు ప్లేటులో పెట్టుకుని టేబుల్ టేబుల్‌కీ తిరుగుతున్న మనిషికి, అందరూ చేయి చాచి ఒక్కరు చాచకపోతే, లడ్డూనే కాదు తననీ వద్దన్నట్టు ఉంటుంది. ఆ బాధ నిజమైనదే. కానీ ఆ బాధ తీరడానికి మీరు మీ నమ్మకం వదులుకోవాలని అడగడం న్యాయం కాదు.

నేనైతే ఇలా చేస్తాను. ఆమె ఒక్కతే ఉన్నప్పుడు, ఏ ప్రసాదమూ చేతిలో లేని రోజు చూసి, "అక్కా, మా ఇంట్లో దేవుడికి పెట్టింది తినం, నీ మీద గౌరవం లేక కాదు, నువ్వు ఇంట్లో చేసిన పులిహోర పెట్టు, రెండుసార్లు వడ్డించుకుంటాను" అని చెప్తాను. చేయి చాచిన క్షణంలో, పదిమంది చూస్తుండగా చెప్పే కారణం ఎదుటివాళ్ల చెవికెక్కదు. ఆ అక్క ఇది చదువుతుంటే ఆమెకూ ఒక మాట. తెచ్చి టేబుల్ మీద పెట్టి "కావలసినవాళ్లు తీసుకోండి" అనండి. ఎవరు తీసుకోలేదో లెక్క చూడకండి.

"మన దగ్గర ఇలాంటి పట్టింపులు లేవు, అందరూ అన్ని చోట్లకీ పోతారు" అని కొందరు నాకు రాస్తుంటారు. ఆ మాటలో నిజముంది, నాకది ప్రాణం కూడా. నెల్లూరు రొట్టెల పండగలో స్వర్ణాల చెరువులోకి దిగి ఎవరి చేతి రొట్టె ఎవరు తీసుకుంటున్నారో మతం అడగరు. ఉగాది రోజు దేవుని కడప వెంకటేశ్వర స్వామి గుడికి ముస్లింలు వస్తారు, స్వామిని పెళ్లాడిన ముస్లిం అమ్మాయిగా చెప్పుకునే బీబీ నాంచారమ్మను మా ఇంటి ఆడబిడ్డ అంటారు. అనంతపురం జిల్లా గూగూడులో కుళ్లాయిస్వామి పీర్ల ముందు నిప్పులగుండం తొక్కడానికి వచ్చేవాళ్లలో హిందువులే ఎక్కువ కనపడతారు. ఇది మన అదృష్టం. కానీ ఇలా కలిసిపోయేవాళ్లే మంచివాళ్లనీ, తన మతం గీత దాటనివాళ్లు మనసులో ఏదో పెట్టుకున్నారనీ అనుకోవడం మొదలుపెడితే, కలిసిపోవడమే ఒక పరీక్షగా మారుతుంది. రొట్టె తీసుకునేవాళ్లూ, దూరంగా నిలబడి "మీ మొక్కు తీరాలి" అనేవాళ్లూ, ఇద్దరూ మనవాళ్లే.

ప్రశ్న: ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో టీచర్‌ని. ఉదయం అసెంబ్లీలో సరస్వతీ ప్రార్థన ఎప్పటినుంచో ఉంది. ఈ ఏడాది ఒక తండ్రి వచ్చి తన కూతురితో పాడించవద్దని కోరాడు. స్టాఫ్‌రూమ్‌లో పెద్ద చర్చ. "రేపు జాతీయగీతం కూడా వద్దంటారు" అంటున్నారు కొందరు. (ఉపాధ్యాయుడు, నల్గొండ జిల్లా)

జవాబు: జాతీయగీతం దాకా వెళ్లిన కేసు నిజంగానే ఉంది మాస్టారూ. తీర్పు రాసింది మన తెలుగు న్యాయమూర్తి ఓ. చిన్నపరెడ్డి గారు. కేరళలో యెహోవా సాక్షులనే క్రైస్తవ శాఖను పాటించే కుటుంబానికి చెందిన ముగ్గురు పిల్లలు, పదో తరగతి, తొమ్మిది, అయిదు. జనగణమన పాడేటప్పుడు అందరితో పాటు మర్యాదగా లేచి నిలబడేవాళ్లు, పాడేవాళ్లు కాదు. వాళ్ల విశ్వాసం ప్రకారం తమ దేవుడికి చేసే ప్రార్థనల్లో తప్ప ఇంకే ఆచారంలోనూ పాలుపంచుకోకూడదు. 1985 జులైలో స్కూలు నుంచి తీసేశారు. హైకోర్టు గీతంలోని మాట మాటా చూసి, ఇందులో ఎవరి మతానికీ అభ్యంతరమైనది లేదు కదా అంది. సుప్రీంకోర్టు 1986 ఆగస్టు 11న, అసలు అడగాల్సిన ప్రశ్న అది కాదంది. ఆ నమ్మకం మనకు సబబుగా ఉందా లేదా అన్నదానితో పని లేదు, వాళ్లు దాన్ని నిజాయితీగా నమ్ముతున్నారా లేదా అన్నదే చూడాలంది. పిల్లల్ని తిరిగి చేర్చుకోమంది. మన సంప్రదాయం సహనం నేర్పుతుంది, మన తత్వం సహనం బోధిస్తుంది, మన రాజ్యాంగం సహనాన్ని పాటిస్తుంది, దాన్ని పలచన చేయొద్దు అని చిన్నపరెడ్డి గారు రాసిన మాట నేను క్లాసులో ఏటా చదివి వినిపించేదాన్ని.

జాతీయగీతానికే అలాగన్నప్పుడు సరస్వతీ ప్రార్థన సంగతి చెప్పాలా. రాజ్యాంగం 28వ అధికరణ చూడండి. పూర్తిగా ప్రభుత్వ డబ్బుతో నడిచే విద్యాసంస్థలో మతబోధ ఉండకూడదు. ప్రభుత్వ గుర్తింపు గానీ, సాయం గానీ ఉన్న ఏ సంస్థలోనైనా మైనర్ పిల్లల్ని వాళ్ల సంరక్షకుల సమ్మతి లేకుండా మత ఆరాధనలో పాల్గొనమని బలవంతపెట్టకూడదు. మిషన్ స్కూలుకూ ఇదే వర్తిస్తుంది, అక్కడ చదివే హిందూ పిల్లల తల్లిదండ్రులు కూడా ఇది తెలుసుకోవాలి.

ఆ అమ్మాయిని వరుసలోంచి బయటికి పిలిచి విడిగా నిలబెట్టకండి, అదొక్కటి మాత్రం గట్టిగా చెప్తున్నాను. తన వరుసలోనే, తన స్నేహితుల మధ్యే నిలబడనివ్వండి. ఆ వయసు పిల్లకి నలుగురిలో వేరుగా నిలబడటం కంటే పెద్ద శిక్ష లేదు.

ప్రశ్న: మా ఇంటికి ఒక వైపు గుడి, ఇంకో వైపు చర్చి, వెనక మసీదు. మూడింటికీ మైకులున్నాయి. అడిగితే ప్రతివాళ్లూ "ముందు వాళ్లని ఆపమనండి" అంటారు. మా నాన్నగారికి గుండె జబ్బు. (గుంటూరు)

జవాబు: 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బహిరంగంగా లౌడ్‌స్పీకర్ పెట్టకూడదు. పండగలకు ఏడాదిలో 15 రోజులు మించకుండా అర్ధరాత్రి దాకా రాష్ట్ర ప్రభుత్వం సడలింపు ఇవ్వొచ్చు. ఇళ్లున్న చోట పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ హద్దు. అదే ఏడాది చెన్నైలోని ఒక చర్చి కేసులో, ఇతరుల ప్రశాంతతను చెడగొట్టి ప్రార్థన చేయమని ఏ మతమూ చెప్పలేదని సుప్రీంకోర్టు అంది. ముగ్గురి దగ్గరికీ విడివిడిగా వెళ్తే "ముందు వాళ్లని ఆపమనండి" అన్న మాటే వస్తుంది, అందుకని ఒకే కాగితం మీద ముగ్గురి పేర్లూ రాసి, ముగ్గురినీ ఒకే రోజు మీ ఇంటికి పిలవండి. నాన్నగారి మంచం ఉన్న గదిలోనే కూర్చోబెట్టి మాట్లాడండి. అప్పటికీ కాకపోతే, మూడింటి మీదా కలిపి ఒకే ఫిర్యాదు ఇవ్వండి. ఒక్కదాని మీదే ఇస్తే మీ కష్టం పక్కకు పోయి అది మతం గొడవైపోతుంది.

ప్రశ్న: రాజ్యాంగంలో దేవుడి పేరు లేదు కదా, అంటే మన రాజ్యం దేవుణ్ణి కాదన్నట్టేనా? (డిగ్రీ విద్యార్థి, వరంగల్)

జవాబు: కాదనలేదు, ఎవరి మీదా రుద్దలేదు. 1949 అక్టోబర్ 17న రాజ్యాంగ సభలో సభ్యుడు హెచ్.వి. కామత్ గారు రాజ్యాంగ ప్రవేశికను "దేవుని పేరిట" అని మొదలుపెడదామని సవరణ తెచ్చారు. సభలో ఓటింగ్ జరిగింది, అనుకూలంగా 41, వ్యతిరేకంగా 68. వద్దన్నవాళ్లలో దేవుణ్ణి నమ్మేవాళ్లూ ఉన్నారు. నమ్మనివాళ్ల నోట కూడా ఆ మాట బలవంతంగా పలికించడం స్వేచ్ఛకు విరుద్ధమని హృదయనాథ్ కుంజ్రూ గారు వాదించారు. ప్రమాణ స్వీకారంలో కూడా ఈ రోజుకీ రెండు దారులున్నాయి, దైవసాక్షిగా ఒకరు చేస్తారు, ఆత్మసాక్షిగా ఇంకొకరు చేస్తారు, పదవి ఇద్దరికీ ఒకటే. ఈసారి మంత్రుల ప్రమాణం టీవీలో వస్తే శ్రద్ధగా వినండి.

ప్రశ్న: డల్లాస్ దగ్గర ఉంటాం. మా సిటీ కౌన్సిల్ మీటింగ్ మొదట్లో ప్రార్థన చేయడానికి మా గుడి తరఫున నన్ను రమ్మన్నారు. నాకు గర్వంగా ఉంది. కానీ ఇక్కడే పుట్టిన మా అబ్బాయి "గవర్నమెంట్ మీటింగ్‌లో ప్రేయరే ఉండకూడదు, నువ్వు వెళ్లకు నాన్నా" అంటున్నాడు. (ఐటీ ఉద్యోగి, టెక్సస్)

జవాబు: మీ ఇంట్లో నడుస్తున్న వాదనే అమెరికా సుప్రీంకోర్టులోనూ నడిచింది. న్యూయార్క్ రాష్ట్రంలో గ్రీస్ అనే ఊళ్లో బోర్డు మీటింగులు దాదాపు ఎప్పుడూ క్రైస్తవ ప్రార్థనతోనే మొదలయ్యేవి. ఒక యూదు మహిళ, ఒక నాస్తికురాలు కేసు వేశారు. 2014లో కోర్టు అలాంటి ప్రార్థన చెల్లుతుందని తీర్పిచ్చింది, కానీ 5-4తో. అంటే నలుగురు న్యాయమూర్తులు ఒప్పుకోలేదు, అయితే ప్రార్థనే ఉండకూడదని వాళ్లూ అనలేదు, అన్ని మతాలకూ చోటుండాలన్నారు. 2007 జులై 12న అమెరికా సెనేట్‌లో మొదటిసారి హిందూ ప్రార్థన జరిగినప్పుడు గ్యాలరీలోంచి కొందరు కేకలు వేసి అడ్డుపడ్డారు, వాళ్లని అరెస్టు చేసి బయటికి తీసుకెళ్లాల్సి వచ్చింది. ఆ రోజు అక్కడి తెలుగువాళ్లు కొందరు ఫోన్ చేసి ఏడ్చినంత పని చేశారు నా దగ్గర. సంఖ్యలో తక్కువగా ఉండటం ఎలా ఉంటుందో మీకు అక్కడ తెలుసు, ఇక్కడ మీ సొంతూళ్లో ఆ స్థితిలో ఎవరున్నారో కూడా మీకు తెలుసు.

నా మటుకు ప్రభుత్వ మీటింగుల్లో ప్రార్థన లేకపోతేనే మంచిదనిపిస్తుంది, ఈ విషయంలో నేను మీ అబ్బాయి పక్షం. అయితే ఎలాగూ జరుగుతున్నప్పుడు ఒకే మతానిది జరగడం కంటే మీరు వెళ్లడం మేలు. వెళ్లండి. రెండు నిమిషాలు మించకుండా చూసుకోండి, "సర్వే జనాః సుఖినో భవంతు" చెప్పి దాని అర్థం ఇంగ్లిష్‌లో చెప్పండి, కౌన్సిల్ సభ్యులకే కాదు ఆ హాల్లో ఉన్నవాళ్లందరికీ అర్థమయ్యేటట్టు. ప్రార్థన అవగానే ఫొటో దిగి వచ్చేయకండి. చివరిదాకా కూర్చోండి, డ్రైనేజీ గురించీ, బడి దగ్గర స్పీడ్ బ్రేకర్ గురించీ మాట్లాడేటప్పుడు మీకు చెప్పాల్సింది ఉంటే లేచి చెప్పండి.

మీ అబ్బాయినీ తీసుకెళ్లండి. ప్రార్థనకు అందరూ లేచి నిలబడినప్పుడు అతను కూర్చునే ఉంటే, కూర్చోనివ్వండి. తిరిగి వచ్చేటప్పుడు కార్లో అతను ఏమన్నాడో నాకు రాయండి.